ఐదు నక్షత్రాల సాక్ష్యం

మా మేనల్లుడు కర్నూలులో బిర్యానీ హోటలు ప్రారంభించినది ఒక శుక్రవారం నాడు. జుమా నమాజు తర్వాత దుఆ జరిగింది. వచ్చినవారందరికీ ఖర్జూరాలు, షర్బతు పంచారు. సాయంత్రానికి మా కుటుంబపు వాట్సాప్ గ్రూపులో అతని సందేశం కనిపించింది: ‘గూగుల్‌లో మన హోటలు పేరు కొట్టి అందరూ ఐదు నక్షత్రాలు నొక్కండి. రెండు మంచి మాటలు రాయండి. ఇన్షా అల్లాహ్ వ్యాపారం పుంజుకుంటుంది.’

ఆ గ్రూపులో అరవై మందికి పైగా ఉన్నాము. వారిలో సగం మంది జిల్లాలోనే లేరు. దమ్మామ్‌లో ఇద్దరు, కువైట్‌లో ఒకరు, బెంగుళూరులో రెండు కుటుంబాలు, మిగిలినవారు ఎక్కడెక్కడో. ఇషా నమాజు వేళకు 38 రివ్యూలు చేరాయి. ‘బిర్యానీ అద్భుతం’ అని ఒకరు, ‘ఇంత శుభ్రమైన హోటలు జిల్లాలోనే లేదు’ అని మరొకరు. రాసినవారిలో ఆ హోటలు గడప తొక్కినవారు ఏడెనిమిది మందికి మించరు. దమ్మామ్‌లోని బంధువు ఒకరు ఉత్సాహం పట్టలేక ఖుబానీ కా మీఠా రుచిని వర్ణిస్తూ నాలుగు వాక్యాలు రాశారు. అది చదివిన మరో ఇద్దరు తాము కూడా ఆ మీఠానే మెచ్చుకున్నారు. తీరా చూస్తే హోటలు మెనూలో ఆ వంటకమే లేదు.

మరునాడు ఉదయం నాకు ఫోను వచ్చింది. “మామూ, మీరొక్కరే వేయలేదు.”

నేను కూడా వేశాను. ఐదు నక్షత్రాలు నొక్కి, ‘రుచి, శుచి రెండూ ఉన్నాయి’ అని రాశాను. ప్రారంభోత్సవం రోజున అక్కడ షర్బతు తాగానే గాని ఒక్క ముద్ద అన్నం తినలేదు. ఇరవయ్యేళ్ళకు పైగా బట్టల దుకాణం నడిపి, గజం బట్ట కొలిచేటప్పుడు వేలెడు ఎక్కువ పోవాలే తప్ప తక్కువ పోకూడదని పనివాళ్ళకు చెప్పిన నాకు, ఆ క్షణాన అది అబద్ధమని తోచనేలేదు. పిల్లవాడికి సాయం చేస్తున్నాననుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

పన్నెండు రోజుల తర్వాత ఒక సోదరి రెండు నక్షత్రాల రివ్యూ రాసింది. ఎనిమిది మందికి పార్సిల్ తీసుకుంటే యాభై నిమిషాలు నిలబెట్టారని, మిర్చీ కా సాలన్ కవరులోంచి కారి సంచి అంతా పాడయిందని, అన్నం ఆరుగురికే సరిపోయిందని ఆమె ఫిర్యాదు. చివర ఒక ప్రశ్న కూడా వేసింది: ‘మెనూలో ఖుబానీ కా మీఠా కనబడలేదు. అడిగితే మా దగ్గర చేయము అన్నారు. మరి దానిని ఇంతగా మెచ్చుకున్న ఈ ముగ్గురు ఎవరు?’

మా వాడు అర్ధరాత్రి గల్లా కట్టేసి, ఆ కోపంలోనే జవాబు కొట్టాడు. నువ్వు ఎదుటి హోటలు వాళ్ళు పంపిన మనిషివని, అసలు మా దగ్గర కొననే లేదని ఆమెను నిందించాడు. ఆమె బిల్లు ఫోటో పెట్టింది. తెల్లవారేసరికి ఆ సంభాషణ స్క్రీన్‌షాట్ ఊళ్ళోని గ్రూపులన్నింటిలో తిరుగుతున్నది. మరో వారంలో గూగుల్ ఆ పేజీ నుండి చాలా రివ్యూలను తొలగించింది. 38 బంధువుల మాటలతోపాటు నిజంగా తిని రాసిన కొందరి మాటలు కూడా పోయాయి. మిగిలినవి పదకొండు. అన్నింటికన్నా పైన ఆ సోదరి రాసినది నిలిచింది.

నక్షత్రానికి ఇంత విలువ ఎక్కడిది?

మా కాలంలో దుకాణం పేరు మసీదు మెట్ల మీద, టీ కొట్టు బల్లల మీద, పెళ్ళి పందిళ్ళలో ఏర్పడేది. ఎవరు చెబుతున్నారో, ఆ చెప్పే మనిషి ఎటువంటివాడో వినేవారికి తెలుసు. ఊరికి కొత్తగా వచ్చిన బాటసారికి ఆ సౌకర్యం లేదు. ఈనాడు అతని చేతిలో ఫోను ఉన్నది. అమెజాన్ సంస్థ 1995లోనే కొనుగోలుదారులు తమ అభిప్రాయాలను రాసేందుకు వీలు కల్పించింది. ఆ తర్వాత యాత్రికుల కోసం ట్రిప్ అడ్వైజర్, హోటళ్ళ కోసం యెల్ప్ వచ్చాయి. ఇప్పుడు మన పట్టణాలలో మందుల దుకాణం నుండి పంక్చరు షాపు వరకు అన్నింటికీ గూగుల్ మ్యాప్స్‌లో నక్షత్రాలున్నాయి. మనకు పరిచయం లేని వందమంది మాటను మనం నమ్మి కొంటున్నాము, తింటున్నాము, వైద్యుడి దగ్గరికి బిడ్డను తీసుకుపోతున్నాము.

ఈ నమ్మకానికి ధర కూడా కట్టారు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు అధ్యాపకుడు మైకేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగర హోటళ్ళను పరిశీలించి 2011లో ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. యెల్ప్‌లో ఒక నక్షత్రం పెరిగితే హోటలు ఆదాయం 5 నుండి 9 శాతం వరకు పెరుగుతున్నదని ఆయన తేల్చారు. అందులో మనకు మరింత ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఈ ప్రభావం సొంతంగా నడుపుకునే హోటళ్ళ మీదే కనిపించింది, ఊరూరా శాఖలున్న పెద్ద సంస్థల మీద కనిపించలేదు. పెద్ద సంస్థ పేరు అందరికీ ముందే తెలుసు. చిన్నవాడికి సాక్షులు కావాలి. మన కుటుంబాలలో అధికులు నడుపుతున్నవి ఆ చిన్న వ్యాపారాలే. కనుక మా మేనల్లుడి ఆరాటం అర్థం లేనిదేమీ కాదు. అతడు ఎంచుకున్న దారే తప్పు.

అమ్ముడుపోయే మాటలు

ఆ దారి ఎంత దూరం పోగలదో 2017లో లండన్‌లో ఒక యువకుడు చేసి చూపించాడు. ఊబా బట్లర్ అతని పేరు. అంతకు పూర్వం అతడు హోటళ్ళ కోసం, తాను అడుగుపెట్టని చోట్ల గురించి, ఒక్కొక్కటికి 10 పౌండ్లు తీసుకొని మెచ్చుకోలు మాటలు రాసి పెట్టేవాడు. ఆ మాటలు పనిచేస్తున్నాయని గమనించి, తాను నివసిస్తున్న తోట కొట్టాన్నే ‘ది షెడ్ ఎట్ డల్విచ్’ అనే హోటలుగా ట్రిప్ అడ్వైజర్‌లో నమోదు చేశాడు. గడ్డం గీసుకునే నురుగు వంటి వాటితో వంటకాల ఫోటోలు తయారుచేశాడు. మిత్రులచేత రివ్యూలు రాయించాడు. బల్ల కావాలని ఎవరు ఫోను చేసినా ఖాళీ లేదని చెప్పేవాడు. అదే ఏడాది నవంబరులో ఆ కొట్టం లండన్ నగరపు హోటళ్ళన్నింటిలో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి అక్కడ ఒక్క పళ్ళెం కూడా వడ్డించలేదు. అది వేళాకోళం కోసం చేసిన పని. మా కుటుంబం చేసినది కూడా పద్ధతిలో దానికి భిన్నమేమీ కాదు. మాకు నిజంగా ఒక హోటలు ఉన్నది, అంతే తేడా.

వేళాకోళం కానివి న్యాయస్థానాల దాకా వెళ్ళాయి. ఇటలీ దేశంలోని లెచ్చే నగరపు న్యాయస్థానం 2018లో, హోటళ్ళకు దొంగ రివ్యూలు అమ్మే వ్యాపారం నడిపిన వ్యక్తికి తొమ్మిది నెలల జైలు శిక్ష విధించింది. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దొంగ రివ్యూలను కొనడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తూ చేసిన నిబంధన 2024 అక్టోబరు నుండి అమలులో ఉన్నది. బ్రిటన్‌లో అటువంటి నిషేధమే 2025 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది.

మన దేశంలోనూ ఇది చట్టం కంటికి ఆనని విషయం కాదు. 2020 జూలైలో వెలువడిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకులు అమ్మే వ్యాపారి తానే కొనుగోలుదారుగా నటిస్తూ రివ్యూ రాయకూడదు. సరుకు నాణ్యత గురించి తప్పుడు చిత్రం ఇవ్వకూడదు. 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ‘ఐఎస్ 19000:2022’ పేరుతో ఆన్‌లైన్ రివ్యూలకు ఒక ప్రమాణాన్నే రూపొందించింది. రివ్యూలను సేకరించే, పరిశీలించే, ప్రచురించే సంస్థలు ఎలా వ్యవహరించాలో అది చెబుతుంది. తొలుత స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే దానిని ప్రకటించారు.

ఇక గూగుల్ సొంత నియమాలు మరింత సూటిగా ఉంటాయి. రివ్యూ నిజమైన అనుభవం మీద ఆధారపడి ఉండాలి. సొంత వ్యాపారానికి, తాను పనిచేసే చోటుకు రాసుకోకూడదు. డబ్బు గాని, రాయితీ గాని, ఉచిత వస్తువు గాని ఆశచూపి రాయించుకోకూడదు. నియమాలను ఉల్లంఘించిన రివ్యూలను 2023లో 17 కోట్లకు పైగా, 2024లో 24 కోట్లకు పైగా అడ్డుకున్నట్లు, తొలగించినట్లు ఆ సంస్థ ప్రకటించింది. ఒకే రాత్రి, వారం వయసు కూడా లేని హోటలుకు, మూడు దేశాల నుండి ముప్పై ఎనిమిది మంది నోళ్ళు ఒకే రకంగా మెచ్చుకుంటే యంత్రానికి అనుమానం రావడంలో వింతేమున్నది?

ఈ సందర్భంలోనే ఇళ్ళలో ఉండే సోదరీమణులకు, చదువుకుంటున్న పిల్లలకు ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ‘ఇంట్లో కూర్చుని హోటళ్ళకు ఐదు నక్షత్రాలు వేయండి, ఒక్కొక్కదానికి ఇంత అని ఇస్తాము’ అనే సందేశాలు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తుంటాయి. మొదటి రోజు నూటయాభయ్యో రెండువందలో నిజంగానే ఖాతాలో పడతాయి. అది ఎర. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్కు’ అంటారు, ముందు వెయ్యి కట్టమంటారు. దానికి లాభం కలిపి తిరిగి ఇస్తారు. ఆ పైన వేలు, లక్షలు కట్టించి మాయమవుతారు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు ఛేదించిన ఇటువంటి ముఠా దేశమంతటా కాజేసిన సొమ్ము రూ. 712 కోట్లని లెక్క తేలింది. రేటింగులు ఇవ్వడమనే చిన్న పనితోనే ఆ వల మొదలయ్యేది. డబ్బు పోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము ఇంకా ఖాతాలు మారుతున్నప్పుడే దానిని నిలపడానికి అవకాశం ఉంటుంది. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, మొదటి రోజు చేతికి వచ్చిన ఆ నూటయాభయి రూపాయలు మాత్రం దేనికి ప్రతిఫలం? తినని అన్నానికి చెప్పిన సాక్ష్యానికి.

దుకాణదారు చేయదగినది

మా వాడు రెండు రోజుల తర్వాత ముఖం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు. “మామూ, ఎవరికో ఎనిమిది వేలిస్తే ఆ రెండు నక్షత్రాల రివ్యూ తీసేయిస్తారట, ఇచ్చేదా?” అని అడిగాడు. ఇటువంటి ఫోన్లు కొత్తగా దుకాణం తెరిచిన ప్రతివారికీ వస్తాయి. గూగుల్ నుండి మాట్లాడుతున్నామని చెప్పేవారూ ఉంటారు. నిజానికి మ్యాప్స్‌లో వ్యాపారాన్ని నమోదు చేసుకోవడానికి గూగుల్ ఒక్క రూపాయి తీసుకోదు. డబ్బు తీసుకుని రివ్యూలు తొలగించదు. యజమాని తన హక్కును ఫోను ద్వారానో వీడియో ద్వారానో నిరూపించుకుంటే చాలు, సమయాలు, ఫోటోలు, ఫోను నంబరు సరిచేసుకోవచ్చు, ప్రతి రివ్యూ కింద జవాబు రాయవచ్చు. రివ్యూను చెరిపే అధికారం మాత్రం అతనికి లేదు. నియమాలకు విరుద్ధంగా ఉన్నదని ఫిర్యాదు చేయవచ్చు. తీసివేయడం, ఉంచడం గూగుల్ చేతిలోని పని. తనకు నచ్చలేదన్న కారణంతో ఏదీ పోదు.

మరి సాక్షులు ఎలా వస్తారు? అడిగితే వస్తారు. అడగడంలో దోషం లేదు. గల్లా దగ్గర క్యూఆర్ కోడు అట్ట పెట్టి, ‘మీకు ఎలా అనిపించిందో రాయండి’ అని వచ్చిన ప్రతివారినీ అడగవచ్చు. ఆ ‘ప్రతివారినీ’ అన్న మాటలోనే చిక్కున్నది. నవ్వుతూ లేచినవారిని మాత్రమే రాయమని, ముఖం ముడిచినవారిని చల్లగా సాగనంపే పద్ధతిని కూడా గూగుల్ నిషేధించింది. ‘ఐదు నక్షత్రాలు వేస్తే ఒక థమ్సప్ ఉచితం’ అని గోడకు అంటించిన హోటళ్ళను నేను చూశాను. ఆ థమ్సప్ ఇచ్చి కొన్నది సాక్ష్యమే.

లెక్క కూడా ఒకటి తెలియాలి. తొమ్మిది మంది ఐదేసి నక్షత్రాలు వేసినచోట ఒక్కరు ఒకటి వేస్తే సగటు 4.6కు పడిపోతుంది. తొంభై తొమ్మిది మంది ఐదు వేసినచోట అదే ఒక్క నక్షత్రం వల్ల సగటు 4.96 మాత్రమే అవుతుంది. కొత్త దుకాణదారు మొదటి చెడ్డ రివ్యూకు గుండె చెదిరి దొంగదారి పట్టేది ఇక్కడే. ఆరు నెలలు ఓపికపట్టి రోజుకు ఒక్క నిజమైన గ్రాహకుడిచేత రాయించుకోగలిగితే ఆ గాయం దానంతట అదే చిన్నదవుతుంది.

అన్యాయమైన రివ్యూలూ ఉంటాయి, లేవని నేను అనను. కొందరు వంటకాన్ని చూసి కాక యజమాని పేరు చూసి నక్షత్రం వేస్తారు. 2015 నవంబరులో దేశంలో పెరుగుతున్న అసహనం గురించి నటుడు ఆమిర్ ఖాన్ ఒక మాట అన్నందుకు, ఆయన ప్రచారకర్తగా ఉన్న స్నాప్‌డీల్ యాప్‌కు వేలాది మంది ఒక్క నక్షత్రం వేసి కసి తీర్చుకున్నారు. సరుకు బాగాలేదని కాదు. అదే స్నాప్‌డీల్‌కు 2017 ఏప్రిల్‌లో మళ్ళీ అదే శాస్తి జరిగింది. ఈసారి కోపం స్నాప్‌చాట్ అనే వేరే కంపెనీ మీద. పేరు దగ్గరగా ఉండటంతో జనం పొరపాటున దీనిని కొట్టారు! ఆ ఉదంతం తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. మతాన్ని దూషించే రాతలు, కొననివారి రాతలు, బెదిరింపులు నియమాలకు విరుద్ధమైనవి. వాటికి అదే భాషలో బదులు రాయకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, ఫిర్యాదు చేసి ఊరుకోవడం మేలు. ‘ఐదు వేలు పంపు, లేకుంటే ఒక్క నక్షత్రాలు కురిపిస్తాము’ అనేవారికి ఒకసారి ఇస్తే రెండోసారి కూడా వస్తారు. అది బలవంతపు వసూలు, పోలీసులకు చెప్పవలసిన నేరం.

అయితే ప్రతి చెడ్డ రివ్యూను ఈ ఖాతాలో వేసుకోవడమే మనలో చాలామంది చేసే పొరపాటు. మా వాడు చేసినదీ అదే. ‘మన పేరు చూసి ఓర్వలేక రాశారు’ అనుకుంటే సాలన్ కవరు ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

రాసేవారి వైపు నుండి

మా ఇంట్లో ఈ చర్చ సాగుతుండగా నా భార్య ఒక సందేహం లేవనెత్తింది. ఆ సోదరి అలా నలుగురిలో ఒకరి లోపాన్ని రాయడం గీబత్ కాదా? మనిషి వెనుక అతనికి నచ్చని మాట చెప్పడాన్నే కదా పరోక్ష నింద అంటారు? చాలా ఇళ్ళలో నష్టపోయినవారు సైతం నోరు మెదపకపోవడానికి ఈ సంకోచమే కారణం. ఇమామ్ నవవీ తమ ‘రియాజుస్సాలిహీన్’ గ్రంథంలో గీబత్‌కు మినహాయింపు ఉన్న ఆరు సందర్భాలను పేర్కొన్నారు. అన్యాయానికి గురైనవాడు న్యాయం కోరుతూ చెప్పుకోవడం వాటిలో ఒకటి. ప్రజలకు హాని కలగకుండా హెచ్చరించడం మరొకటి. ఆ సోదరి రాసినది ఈ రెండింటి హద్దులోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆమె యాభై నిమిషాలు అన్నది, గంటన్నర అనలేదు. సాలన్ కారిందన్నది, హోటలువాడు దొంగ అనలేదు. కొన్నదానికి బిల్లు ఉంచుకున్నది.

మనం రాసేటప్పుడు ఈ హద్దు తరచూ దాటుతాము. ఒక్క ముద్ద చల్లగా ఉన్నందుకు ‘విషం పెడుతున్నారు’ అని రాస్తాము. సప్లయరు కుర్రవాడి పేరు, ఫోటో పెట్టి పరువు తీస్తాము. వానరోజున ఆలస్యమైన పార్సిల్‌కు వంటవాడిని శిక్షిస్తాము. లేని దోషం అంటగట్టి పరువు తీస్తే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద కేసు కూడా పెట్టవచ్చు. ముందు యజమానికి చెప్పి, సరిదిద్దుకునే అవకాశమిచ్చి, తర్వాత రాయడం మరింత మంచిది. చెప్పినా వినకుండా డబ్బు ఎగ్గొట్టినవారి మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915 ఉన్నది.

రెండో జవాబు

ఇక మా వాడి సంగతి. ఎనిమిది వేలు ఇవ్వవద్దన్నాను. “మరేం చేయాలి మామూ?” అన్నాడు. ఆమె రాసినది నిజమా కాదా అని అడిగాను. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు బావర్చి రాలేదని, రెండో హండీ ఆలస్యమైందని, సాలన్‌కు పల్చటి కవర్లు వాడుతున్న మాట వాస్తవమేనని ఒప్పుకున్నాడు. మీఠా సంగతి నేను అడగలేదు. అతడే ఎత్తాడు. “అది రాసింది మనవాళ్ళే కదా మామూ.”

నిజం రాసేయమన్నాను. అప్పుడు మా ఆపా అడ్డుపడింది. “ఇంటి గుట్టు బజారున పెట్టమంటావా? బంధువులచేత దొంగ రాతలు రాయించానని వాడే ఒప్పుకుంటే రేపు ఆ హోటలుకు ఎవరొస్తారు? అప్పు తెచ్చి పెట్టిన హోటలు అది!” ఆమె మాటను తేలిగ్గా తీసేయలేము. ఆమె గాజులు కూడా ఆ హోటలులోనే ఉన్నాయి. నేనేమో నెలనెలా అద్దె కట్టే బాధ లేనివాణ్ణి, నీతులు చెప్పడం నాకు సులువే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా భోంచేయలేదు.

మదీనా సంతలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసిన ఉదంతం మనందరం ఎరిగినదే. పైన పొడి గింజలు, లోపల తడి. వానకు తడిసిందన్నాడు యజమాని. ఆ తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. వానకు తడవడం ఆ వ్యాపారి తప్పు కాదు. దానిని కింద దాచడమే తప్పయింది. ఆపాకు నేను ఇదేమీ వినిపించలేదు, ఆ సమయంలో వినిపిస్తే దెప్పినట్లుంటుంది. రెండు రోజుల తర్వాత ఆమే కొడుకుతో, ‘ఆ తడి గింజలు పైకి తియ్యిరా’ అన్నదట.

మా వాడు రాసిన జవాబును నేను చూశాను గాని దిద్దలేదు. ‘అక్కా, మీరు రాసినది నిజం. మొదట మిమ్మల్ని నిందించినందుకు మన్నించండి. ఆ రోజు మా వంటవారు ఆలస్యమయ్యారు, ఆ సంగతి మీకు ముందే చెప్పవలసింది. సాలన్‌కు ఇప్పుడు మూత బిగించే డబ్బాలు వాడుతున్నాము. ఎనిమిది మంది పార్సిల్‌ను తూచి ఇస్తున్నాము. ఖుబానీ కా మీఠా మా దగ్గర లేదు. దానిని మెచ్చుకున్నవారు మా బంధువులు. వారిని రాయమన్నది నేనే.’

ఈ రకం జవాబు ఎవరి కోసం రాస్తామో ఆ మనిషి చదివినా చదవకపోయినా, రేపు హోటలు కోసం ఫోనులో వెతికే కొత్తవాడు తప్పక చదువుతాడు. అతడు రెండు నక్షత్రాలనూ చూస్తాడు, కింద యజమాని ఎలా మాట్లాడాడో కూడా చూస్తాడు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో ఒక అతిథిగృహం, పెళ్ళికి వచ్చిన అతిథులు చెడ్డ రివ్యూ రాస్తే పెళ్ళివారి మీద 500 డాలర్ల జరిమానా వేస్తామని నిబంధన పెట్టుకున్నది. 2014లో ఆ సంగతి పత్రికలకెక్కడంతో వేలమంది ఒక్కసారిగా విరుచుకుపడి దాని పేజీని ఒక్క నక్షత్రాలతో నింపేశారు. నోళ్ళు మూయించే అటువంటి షరతులు చెల్లవని 2016లో ఆ దేశం చట్టమే చేసింది.

వైద్యశాలలు, పాఠశాలలు నడిపేవారికి ఇక్కడ ఒక మాట. జవాబు రాసేటప్పుడు రోగి జబ్బు పేరు, పిల్లవాడి మార్కులు, ఫీజు బకాయిలు బయటపెట్టి తమను సమర్థించుకునేవారిని చూస్తుంటాము. అది అమానతును పదిమందిలో పారేయడమే. ‘దయచేసి మాకు ఫోను చేయండి, మాట్లాడుకుందాం’ అన్న ఒక్క మాట అక్కడ చాలు.

జవాబు పెట్టిన మరుసటి వారం హోటలులో జనం తగ్గారు. ఆపా నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఊళ్ళోని గ్రూపుల్లో మళ్ళీ స్క్రీన్‌షాట్ తిరిగింది, ఈసారి కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఎగతాళి చేశారు. మా కుటుంబపు గ్రూపులో దమ్మామ్ బంధువు అలిగి వెళ్ళిపోయి, బక్రీదుకు తిరిగి వచ్చారు. నా రివ్యూను గూగుల్ ఎందుకో తీయలేదు, నేనే తీసివేశాను. ఆ తర్వాత రెండుసార్లు అక్కడ తిన్నాను. డబ్బులు వద్దంటే బలవంతంగా ఇచ్చి వచ్చాను. ఇంకా ఏమీ రాయలేదు, మామూగా నా మాట ఎవరికి పనికి వస్తుంది?

ఇప్పుడు ఆ పేజీలో 140కి పైగా రివ్యూలున్నాయి. సగటు 4.2. ఎదుటి హోటలుది 4.4. ఆ సోదరి తన రివ్యూను చెరపలేదు, రెండు నక్షత్రాలను మూడు చేసింది. ఆలస్యం తగ్గిందని, డబ్బా మూత గట్టిగా ఉన్నదని, అన్నం మాత్రం ఇప్పటికీ ఏడుగురికే సరిపోతున్నదని కింద చేర్చింది. మా వాడు తూకం మళ్ళీ సరిచూస్తున్నాడు. ఖుబానీ కా మీఠా ఈ మధ్యనే మెనూలో చేరింది, శుక్రవారాలు మాత్రమే చేస్తారు.